ఆ ఫొటో ఎక్కడిది? ఎప్పటిది?

"నోటిఫికేషన్లు పడుతుంటే పిల్లలంతా స్టడీ హాళ్లల్లో కూసుంటున్నరు. నువ్వేమో ఫోన్ పట్టుకొని గుట్టలెంట తిరుగుతున్నవేందిరా?"

మొన్న ఒక ఆదివారం చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర టీ కొట్టులో ఒక తాత నన్ను అడిగిన మాట ఇది. కోపంతో అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఎదురుగా కనకగిరి గుట్టలు. వాటి మీద పొద్దున్నే మంచు పట్టి ఉంది. నేను దాన్నే ఫొటో తీస్తున్నాను. "ఊరికే తాతా, ఆదివారం కదా" అన్నాను. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నన్ని రోజులూ నేను అందరికీ చెప్పిన జవాబు అదే. లోపల మాత్రం చిన్న తప్పు చేస్తున్నట్టే ఉండేది. ఈ రెండు గంటల్లో కరెంట్ అఫైర్స్ ఒక నెలవి అయిపోయేవి కదా అనిపించేది.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆ తప్పు చేసిన ఫీలింగ్ తెలిసే ఉంటుంది. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊరి చుట్టుపక్కల గుట్టలు, వాగులు, వింతలు ఫొటోలు తీస్తూ తిరగడం టైమ్ వేస్ట్ కాదు. కానీ తీసిన ఫొటో కింద ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, ఎవరు అన్నది రాసుకోకపోతే మాత్రం అది నూటికి నూరుపాళ్లు టైమ్ వేస్టే. ఈ రెండో మాట నాకు ఒక ఉద్యోగం పోయాక గానీ తెలియలేదు. పోయింది అనడం కూడా తప్పే, రానే లేదు.

2023 వేసవిలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఫీల్డ్ డాక్యుమెంటేషన్ పనికి మనుషులు కావాలన్నారు. ఊళ్లు తిరగాలి, చూసింది రాయాలి, ఫొటోలు తీయాలి. జీతం పెద్దగా లేకపోయినా ఇది నా కోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను. ఫోన్‌లో అప్పటికి నాలుగు వేల పైచిలుకు ఫొటోలున్నాయి. వాటిలోంచి ముప్పై ఏరి, మంచి కాగితం మీద ప్రింట్ తీయించి, ఫైల్‌లో పెట్టుకొని వెళ్లాను. ఇంటర్వ్యూ చేసిన మేడం ఒక్కో ఫొటోనూ చాలాసేపు చూశారు. బాగున్నాయన్నారు కూడా. తర్వాత ఒక ఫొటో బయటికి తీశారు. చేను గట్టు మీద ఒంటరిగా నిలబెట్టిన రాయి, దానికి పసుపు కుంకుమ.

"ఇది ఎక్కడ?" అన్నారు. మా మండలంలోనే అన్నాను. ఏ ఊరు? గుర్తులేదు. "ఎప్పుడు తీశారు?" పోయినేడో, అంతకుముందేడో. "ఈ రాయి ఏమిటి? దేవతా, హద్దు రాయా, ఎవరి సమాధైనానా?" తెలియదు. ఇంకో ఫొటో తీశారు. ఇప్పపూలు ఏరుతున్న ముసలామె. "ఈమె పేరేంటి? ఫొటో తీసుకుంటానని అడిగారా?" ఈ ప్రశ్నకు నేను జవాబే చెప్పలేదు.

వారం తర్వాత మెయిల్ వచ్చింది, వేరేవాళ్లను తీసుకున్నామని. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. బస్సులో కొత్తగూడెం తిరిగొస్తూ ఆ నాలుగు వేల ఫొటోలూ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాను. కచ్చితంగా ఊరి పేరు, నెల చెప్పగలిగినవి యాభై కూడా లేవు. మిగతావన్నీ ఎక్కడో తెలియని గుట్టలు, ఎప్పటివో తెలియని సూర్యాస్తమయాలు. అరకు నుంచి వచ్చినా, అస్సాం నుంచి వచ్చినా అలాగే ఉంటాయి.

పాల్వంచ సంగతి చూడండి. కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిది ఉండేవి. ఆ ప్లాంటులో మొదటి యూనిట్ మొదలైంది 1966లో. మా తాతల కాలం నుంచి ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకు పాల్వంచ అంటే ఆ టవర్లే. చిన్నప్పుడు భద్రాచలం పోతుంటే బస్సు కిటికీలోంచి అవి కనిపించగానే "పాల్వంచ వచ్చింది" అనేవాళ్లం. 2024 ఆగస్టు 5న ఆ ఎనిమిదింటినీ ఒకే రోజు పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ఆ రోజు జిల్లాలో వాటి వీడియో లేని ఫోన్ లేదు. దుమ్ము లేవడం, టవర్ నడుము విరిగి కూర్చుండిపోవడం, జనం కేకలు అన్నీ ఉన్నాయి.

మరి అవి నిలబడి ఉన్నప్పటి ఫొటో? మామూలు రోజున, కింద పశువులు మేస్తుంటే, పక్కన కాలనీ పిల్లలు క్రికెట్ ఆడుతుంటే తీసిన ఫొటో? నా క్లాస్‌మేట్స్ గ్రూపులో అడిగాను. అరవై మందిలో ఇద్దరి దగ్గర దొరికాయి. అందులో ఒకటి పెళ్లి ఊరేగింపు ఫొటో, వెనకాల పొరపాటున రెండు టవర్లు పడ్డాయి. ఐదున్నర దశాబ్దాల పాటు రోజూ కళ్లముందు ఉన్నదాన్ని ఎవరూ తీయలేదు. రోజూ ఉంటుంది కదా అనుకున్నాం.

వింత అంటే ఎక్కడో దూరంగా ఉంటుందని మనకొక నమ్మకం. సెలవు దొరికితే అరకు, లంబసింగి, బొగత జలపాతం. వెళ్లొద్దని అనడం లేదు. కానీ అక్కడ మీకన్నా ముందు లక్షమంది నిలబడిన చోటే మీరూ నిలబడి, వాళ్లు తీసిన ఫొటోనే మళ్లీ తీస్తారు. చండ్రుగొండ గురించి వెతికితే ఫోన్‌లో ఏం కనిపిస్తుందో ఒకసారి చూడండి. మీ మండలం పేరు పెట్టి కూడా చూడండి. ఆ ఖాళీ చోటు మీదే.

మా వైపు ఏడాది ఎలా తిరుగుతుందో చెప్తాను. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూస్తుంది. ఆకు ఒక్కటీ ఉండదు, చెట్టంతా నిప్పు అంటుకున్నట్టే. బూరుగ కూడా అప్పుడే. మార్చి, ఏప్రిల్ తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉంటాయి, కోయ కుటుంబాలు బుట్టలతో ఏరుతుంటారు. సూర్యుడు పైకొస్తే ఆ పని అయిపోయినట్టే, కాబట్టి ఏడింటికి లేచేవాడికి ఆ ఫొటో దొరకదు. ఎండాకాలం ముదిరాక రేల చెట్టు పసుపు గుత్తులు. తునికాకు కోత, కట్టలు కట్టి కల్లంలో ఆరబెట్టడం. జూన్‌లో తొలి వాన పడ్డ మర్నాడు ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు చేలల్లో తిరుగుతాయి. నాలుగు రోజులు ఉంటాయేమో, మళ్లీ ఏడాది దాకా కనిపించవు. తర్వాత వాగులు, పత్తి, మిరప. సారపాక పేపర్ మిల్లు వైపు పోయే కర్ర లోళ్ల లారీలు. పామాయిల్ గెలల ట్రాక్టర్లు. జీలుగు చెట్టుకు కట్టిన కల్లు కుండ.

ఇవి ప్రకృతి దృశ్యాలు. వింతలంటే నాకు మరీ చిన్నవి కూడా వింతలే. 2016 అక్టోబరు 11న మా జిల్లా భద్రాద్రి కొత్తగూడెం అయింది, అప్పుడే మా మండలంలోంచి అన్నపురెడ్డిపల్లి వేరే మండలంగా విడిపోయింది. అయినా ఎక్కడో ఒక పాత గోడ మీద, చేతిపంపు దిమ్మె మీద ఇంకా "ఖమ్మం జిల్లా" అని రాసి ఉంటుంది. రంగు వేసిన రోజున అది పోతుంది. నేను అలాంటివి ఏరుతున్నాను, ఇప్పటికి పదకొండు దొరికాయి. నా ఫ్రెండ్ ఒకడు దీన్ని పిచ్చి అంటాడు. వాడిది బస్టాండ్లలో పాత టైమ్‌టేబుల్ బోర్డులు తీసే పిచ్చి.

భద్రాచలం వెళ్తే గుడి, గోదావరి మాత్రమే తీయకండి. 2022 జులై 16న అక్కడ గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు మళ్లీ అదే. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగుల దగ్గర అని గుర్తుపెట్టుకుంటే, పైన ఇంకో 18 అడుగులు అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆ నీళ్లు దిగాక కొన్ని ఇళ్ల గోడల మీద బురద గీత మిగిలింది. ఒక ఇంటాయన ఆ గీత పక్కన తన మనవణ్ని నిలబెట్టి చూపించాడు, పిల్లవాడి తల మీద ఇంకో పిల్లవాడు నిలబడినా గీత అందదు. ఫొటో తీశాను. అది ఏ కాలనీయో రాసుకోలేదు. ఇంటర్వ్యూకు తీసుకెళ్లిన ముప్పైలో అదీ ఒకటి.

ఆ మెయిల్ వచ్చాక నేను చేసిందల్లా ఇరవై రూపాయల నోట్‌బుక్ కొనడం. ఇప్పుడు ఒక ఎంట్రీ ఇలా ఉంటుంది: "మోదుగ, ఒక్కటే చెట్టు. బెండాలపాడు దాటాక కుడి వైపు పత్తి చేను గట్టు. 2024 మార్చి 3, ఆదివారం, ఉదయం 7:10. పోయినేడు ఇక్కడ మూడు ఉండేవని చేను రైతు చెప్పాడు. రెండు కొట్టేశారు, గట్టు వెడల్పు చేయడానికి. పువ్వు రంగు నీళ్లతో హోలీ ఆడేవాళ్లమని అన్నాడు." ఫొటో మామూలుగానే ఉంది. కింద ఉన్న ఈ ఆరు వాక్యాలతో అది వేరే ఏ మోదుగ ఫొటోలాగానూ లేదు.

ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసుకుంటే చోటు, టైమ్ ఫొటోలోనే దాగి ఉంటాయి. మంచిదే. కానీ ఒక చిక్కుంది. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపలున్న ఆ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. ఇంకోటి, అడవి అంచున చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, జీపీఎస్ ఒక్కోసారి పక్క ఊరిని చూపిస్తుంది. అందుకే పెన్ను. ఫోన్ పోయినా పెన్నుతో రాసింది ఇంట్లో ఉంటుంది. నెలకోసారి కంప్యూటర్‌లో గానీ, పెన్‌డ్రైవ్‌లో గానీ ఎక్కించుకోండి. ఫోన్ వాగులో పడ్డాక ఏడ్చినవాళ్లను ఇద్దరిని చూశాను, అందులో ఒకణ్ని నేనే.

ఇక ఉద్యోగాల సంగతి. మీరు ఈ పేజీ తెరిచింది దాని కోసమే కాబట్టి.

ముందు ఒక నిజం. గుట్టల ఫొటోలు తీసి బతకొచ్చని నేను చెప్పను. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ అయిపోతానని అప్పు చేసి లెన్స్ కొన్నవాళ్లు నాకు తెలుసు. చివరికి పెళ్లిళ్లు, ఫంక్షన్లే తీస్తున్నారు. ఆ పనిలో తప్పేమీ లేదు, అనుకున్నది అది కాదు, అంతే. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాంకు ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ కూడా మొదట చదివింది రూర్కీలో ఇంజినీరింగ్. 1866లో ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా, ఎస్టిమేటర్‌గా చేరారు. కెమెరా పట్టింది 1870లలో, ఉద్యోగం చేస్తూనే. జీతం వస్తుండగా నేర్చుకున్నారు. మన వరంగల్ భరత్ భూషణ్ పత్రికల్లో పనిచేస్తూనే తెలంగాణ పల్లెల్ని, ఇళ్లను, వాకిళ్లను, బతుకమ్మను ఏళ్ల తరబడి తీశారు. 2022 జనవరిలో ఆయన పోయారు. ఆయన తీసిన ఇళ్లలో ఎన్ని ఇంకా నిలబడి ఉన్నాయో.

కాబట్టి ఫొటో మీకు ఉద్యోగం ఇవ్వకపోవచ్చు. కానీ ఇప్పుడు చాలా ఉద్యోగాల్లో సగం పని ఫొటోయే అయిపోయింది, ఇది ఎందుకో ఎవరూ చెప్పరు. పంచాయతీ కార్యదర్శి రోజూ పొద్దున్నే యాప్‌లో ఫొటోలు పెట్టాలి. ఇందిరమ్మ ఇల్లు పునాది, గోడలు, స్లాబ్ ఒక్కో దశలో ఫొటో తీసి, చోటు గుర్తుతో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరు రోజుకు రెండుసార్లు ఫొటోతోనే వేయాలన్నారు. దాని మీద కేంద్రమే 2025 జులైలో ఒక లేఖ రాయాల్సి వచ్చింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని. పంట నష్టం అంచనా, బీమా క్లెయిమ్, బ్యాంకు ఫీల్డ్ వెరిఫికేషన్, రోడ్డు పనుల నాణ్యత, ఎక్కడికి వెళ్లినా ఒక ఫొటో, దాని కింద ఒక వాక్యం. ఆ వాక్యం తప్పు రాస్తే ఒక రైతుకు డబ్బు రాదు.

ఈ పనిని ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. ఏం జరిగిందో తెలిసేలా ఎంత దూరంలో నిలబడాలి, కొలత తెలియడానికి పక్కన ఏం పెట్టాలి (నేను ఇప్పటికీ నా చెప్పే పెడతాను), ఒక చోటును చూడనివాడికి మూడు వాక్యాల్లో ఎలా చెప్పాలి, ఇవన్నీ ఆదివారాలు తిరిగితే వస్తాయి. ఇప్పుడు నేను చేస్తున్నది ఒక సర్వే ఆఫీసులో కాంట్రాక్టు పని. పెద్ద ఉద్యోగమేమీ కాదు, పరీక్షలు ఇంకా రాస్తూనే ఉన్నాను. కానీ ఈసారి ఇంటర్వ్యూకు ముప్పై ప్రింట్లు తీసుకెళ్లలేదు. పన్నెండు ఫొటోలు, నోట్‌బుక్. వాళ్లు నోట్‌బుక్కే ఎక్కువసేపు చూశారు.

ఇల్లెందు వైపు తిరిగినప్పుడల్లా ఒక విషయం గుర్తొస్తుంది. 1871లో అక్కడ బొగ్గు ఉందని గుర్తించింది భూగర్భ సర్వేలో పనిచేసిన డాక్టర్ విలియం కింగ్. ఏ వాగు ఒడ్డున ఏ రాయి కనిపించిందో రాసుకుంటూ తిరగడమే ఆ ఉద్యోగం. మా ప్రాంతంలో ఎన్ని వేల ఇళ్లలో పొయ్యి వెలిగిందో ఆ రాతతో. ఒక బొగ్గు పొరను ఇప్పటికీ సింగరేణిలో కింగ్ సీమ్ అనే అంటారు.

ఇప్పపూల ముసలామె దగ్గరికి మళ్లీ రావాలి. ఇంటర్వ్యూలో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. ఆమెను నేను అడగలేదు. చెట్టు చాటు నుంచి జూమ్ చేసి తీశాను. వెలుతురు ఆమె ముఖం మీద బాగా పడింది. ఇన్‌స్టాలో "అడవి తల్లి ముద్దుబిడ్డ" అని రాసి పెట్టాను. లైకులు వచ్చాయి. మూడో రోజు కొత్తగూడెంలో డిగ్రీ చదివే ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఆమె మా నాయనమ్మ. ఆమెకు పేరు లేదా? చిరిగిన చీర మీద ఉన్నప్పుడే తీయాల్నా? మా కాలేజీ వాళ్లంతా చూసిండ్రు." తీసేశాను. సారీ చెప్పాను. తీసేసినా అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో ఎవరికి తెలుసు. తర్వాత ఒకసారి వాళ్ల ఊరు వెళ్లి, ఆమెను అడిగి, ఆమె పండుగ చీర కట్టుకొని వచ్చాక ఇంకో ఫొటో తీసి ప్రింట్ ఇచ్చాను. ఆ ఫొటోలో వెలుతురు ఏమీ బాగాలేదు. ఆమె ఇంట్లో గోడకు ఉంది. నా దగ్గర ఉన్న కాపీని ఎక్కడా పెట్టలేదు, పేరు కూడా ఇక్కడ రాయను.

మా వైపు అడగడం అనేది మర్యాద ఒక్కటే కాదు. 2022 నవంబరు 22న ఇదే బెండాలపాడు పంచాయతీ ఎర్రబోడు దగ్గర ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావు గారు హత్యకు గురయ్యారు. ప్లాంటేషన్, పోడు భూముల గొడవలో. ఆ తర్వాత అడవి అంచున కెమెరా పట్టుకొని ఒక కొత్త మనిషి కనిపిస్తే ఎవరు ఏమనుకుంటారో ఆలోచించండి. పోడు చేసుకునే మనిషికి, తన మీద కేసు పెట్టడానికి సాక్ష్యం తీస్తున్నట్టు అనిపిస్తుంది. ఫారెస్ట్ సిబ్బందికి, వీడు ఎవడో, ఎందుకొచ్చాడో అనిపిస్తుంది. ఇద్దరి అనుమానంలోనూ న్యాయం ఉంది. మీరు తీసేది సీతాకోకచిలుకనే అయినా సరే. ముందు ఊళ్లోకి వెళ్లి, టీ తాగి, ఫలానా ఊరివాణ్ని, ఫలానావాళ్ల అబ్బాయిని అని చెప్పుకొని, ఆ తర్వాతే ఫోన్ బయటికి తీయండి. చేను, ఇల్లు, మనిషి, దేవుడు ఈ నాలుగింటికీ అడగాలి. కోయల వేల్పుల దగ్గర, కొలుపుల దగ్గర కొన్నింటిని అసలు తీయనివ్వరు. వద్దంటే వద్దు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. రిజర్వ్ ఫారెస్ట్ లోపలికి అనుమతి లేకుండా వెళ్లకూడదు. కిన్నెరసాని సుమారు 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. డ్యామ్, జింకల పార్కు చూడ్డానికి టికెట్ కొంటే చాలు, రిజర్వాయర్‌లో మొసళ్లు కూడా అదృష్టముంటే ఒడ్డు నుంచే కనిపిస్తాయి. లోపలి అడవిలో జంతువుల ఫొటోలకైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం పర్మిట్ కావాలి. ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నవాడి మీద ఒక కేసు పడితే పోలీస్ వెరిఫికేషన్‌లో ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. డ్రోన్ జోలికి అసలే వెళ్లకండి. నిజానికి అడవి లోపలికి వెళ్లే అవసరమే పెద్దగా రాదు. రోడ్డు, చేలు, చెరువు గట్టు, సంత, ఊరు, వీటితోనే నా నోట్‌బుక్ రెండోది నిండుతోంది.

తీసినవి ఏం చేయాలి? ఇన్‌స్టాలో పెట్టుకోండి, కాదనను. కానీ అక్కడ పెట్టింది వారంలో కిందికి పోతుంది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, మన ఊళ్ల పేరు మీద పేజీలున్నాయి. వాటిలో చాలావాటికి ఒక్క ఫొటో కూడా లేదు. మీ ఊరి చెరువు, బడి, గుడి ఫొటో వికీమీడియా కామన్స్‌లో మీ పేరుతో పెట్టొచ్చు. అయితే ఒకటి, అక్కడ పెట్టాక మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అది ఇష్టమైతేనే పెట్టండి. లేకపోతే మన కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు తీసినవాళ్లదే, వాళ్లు బతికున్నన్నాళ్లూ, పోయిన తర్వాతి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు. పిట్టలైతే ఈబర్డ్‌లో, చెట్లూ పురుగులైతే ఐనాచురలిస్ట్‌లో పెడితే పేరు తెలియని వాటికి తెలిసినవాళ్లు పేరు చెప్తారు. బాటనీ, జువాలజీ వాళ్లకు ఇది ప్రాక్టికల్ రికార్డు కన్నా నయం. గుడ్లగూబ గూడు, అలుగు లాంటివి కనిపిస్తే మాత్రం చోటు బయటపెట్టకండి. వాటిని కొనేవాళ్లు, పట్టేవాళ్లు కూడా ఫోన్లు చూస్తారు.

దీని మీద నాకు ఎదురయ్యే ప్రశ్నలు రెండు. మొదటిది, టైమ్ ఏది? వచ్చే నెల మెయిన్స్ ఉన్నవాళ్లు రావొద్దు, సరదాకు అనడం లేదు, నిజంగానే రావొద్దు. మిగతావాళ్లకు నెలకు రెండు ఆదివారాలు, పొద్దున మూడు గంటలు చాలు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. దానికి ప్రిపేర్ అవుతున్న నా ఫ్రెండ్ ఆ నడకనే ఇలా నడుస్తున్నాడు. ఫొటోకు ఆగినప్పుడల్లా వాచీ ఆపుతాడు, అది మోసమని చెప్తే వినడు.

రెండోది ఒక అమ్మాయి అడిగింది, దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. "నువ్వు తెల్లవారుజామున ఒక్కడివే బండేసుకొని పోతావు. మేం పోతే ఇంట్లో ఒప్పుకుంటారా? ఒప్పుకున్నా, మాకు భయం ఉండదా?" నిజమే. ఈ ఆదివారాలు అందరికీ ఒకేలా దొరకవు. ఆమె చేసింది చెప్తాను. వాళ్ల వీధిలోనే ఒక్కో ఇంటి గడపనూ తీసింది. ఏ కర్రతో చేశారు, ఎవరు చెక్కారు, ఏ ఏడాది గృహప్రవేశం, పసుపు ఎవరు రాస్తారు, ఇవి పక్కన రాసింది. ముప్పై నాలుగు గడపలు. మూడు ఇళ్లను ఈలోపే కొట్టేసి స్లాబు వేశారు, ఆ గడపలు ఇప్పుడు ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. నా మొత్తం నోట్‌బుక్కులకన్నా అది మంచి పని. గుట్ట ఎక్కకుండానే చేసింది.

టీ కొట్టు తాతకు నేను ఇదంతా చెప్పలేదు. ఇంటర్వ్యూలో నన్ను ఇరికించిన రాయి ఫొటో మాత్రం చూపించాను. దాన్ని వెతుక్కుంటూ ఏడాదిన్నర తిరిగి, చివరికి చోటు పట్టుకున్నాను, కానీ అదేమిటో ఇంకా తెలియలేదు. తాత ఫోన్ దూరం పెట్టి చూసి, "ఇది మా ముత్తాతల నాడు పులి చంపిన మనిషిది" అన్నాడు. పక్కన బీడీ కాలుస్తున్నాయన ఒప్పుకోలేదు. "కాదు, ఇది రెండూళ్ల పొలిమేర రాయి, బొడ్రాయి పండుగకు ఇక్కడిదాకా వస్తరు" అన్నాడు. కాసేపు వాదించుకున్నారు. నేను ఇద్దరిదీ రాసుకున్నాను, తేదీతో సహా. ఆ రాయి ఉన్న చేను వాళ్ల అత్తగారు ఒకామె అవతలి గూడెంలో ఉందట, తొంభై దాటిందట, ఆమెకే తెలుస్తుందన్నారు ఇద్దరూ. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్తున్నాను. ఆ పేజీలో "ఇది ఏమిటి" అన్న చోట ప్రస్తుతానికి ఖాళీ వదిలాను.